ఇంటి సబ్బు: నూనె మారితే కాస్టిక్ లెక్క మారాలి

కొబ్బరి నూనెకు తేజీ వచ్చినప్పుడల్లా చిల్లర దుకాణాలలో ఒక మాట వినిపిస్తుంటుంది: "దాని బదులు ఇది తీసుకోండి, ఇదీ నూనే గదా!" వంటకు కొన్నవారికి ఈ మార్పు వల్ల రుచి తేడా తప్ప వేరే ఇబ్బంది ఉండదు. సబ్బు తయారీకి కొన్నవారికి మాత్రం సరకంతా చెడుతుంది, ఒక్కొక్కప్పుడు ఒళ్లు మండుతుంది. ఇంటి వద్ద సబ్బు చేసుకునేవారు కొనేది ఒకటి రెండు డబ్బాలే కావచ్చు. అయినా వారికి నూనె, కాస్టిక్ సోడా అమ్మే వర్తకులు ఈ తయారీలోని లెక్క తెలుసుకొని ఉండడం ఉభయులకూ మేలు.

సబ్బుకు మూడే సరుకులు కావాలి: నూనె, కాస్టిక్ సోడా, నీరు. నూనెలోని కొవ్వు ఆమ్లాలు కాస్టిక్‌తో కలిసి సబ్బుగా మారతాయి, గ్లిజరిన్ విడివడుతుంది. పెద్ద కర్మాగారాలు ఈ గ్లిజరిన్‌ను వేరుచేసి అమ్ముకుంటాయి. ఇంటి సబ్బులో అది సబ్బులోనే ఉండిపోతుంది.

ఏ నూనెకు ఎంత?

అన్ని నూనెలకూ ఒకే పాళ్లలో కాస్టిక్ పట్టదు. బస్తా బరువు ఒకటే అయినా పెద్ద కాయల కంటే చిన్న కాయలు ఎక్కువ సంఖ్యలో పడతాయి గదా! కొబ్బరి నూనెలో చిన్న కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అందువల్ల అదే తూకానికి అది ఎక్కువ కాస్టిక్‌ను కోరుతుంది. కిలో నూనె పూర్తిగా సబ్బు కావడానికి కొబ్బరి నూనెకు సుమారు 183 గ్రాములు, పామాయిల్‌కు 141, వేరుశనగ నూనెకు 136, ఆముదానికి 128 గ్రాముల కాస్టిక్ సోడా అవసరం.

నూనె పరీక్షా నివేదికలలో కనిపించే సపోనిఫికేషన్ విలువ ఈ సంగతినే తెలుపుతుంది. ఆ అంకెను 1.4తో భాగిస్తే కిలో నూనెకు పట్టే కాస్టిక్ సోడా గ్రాములలో వస్తుంది. కొబ్బరి నూనె విలువ 256 అనుకుంటే, భాగిస్తే వచ్చేది 183. మచ్చు చూసి బేరం చేసే దళారులకు ఇది గుర్తుంచుకోదగిన సులువు.

ఒక కిలో లెక్క

కొత్తవారికి అనువైన మిశ్రమం ఒకటి చూద్దాం. పామాయిల్ 500 గ్రాములు, కొబ్బరి నూనె 300, వేరుశనగ నూనె 200. మొదటిది సబ్బుకు గట్టిదనాన్ని, రెండవది నురుగును, మూడవది మృదుత్వాన్ని ఇస్తాయి. వీటికి పట్టే కాస్టిక్ వరుసగా 70.5, 54.9, 27.2 గ్రాములు. మొత్తం 152.6. ఇందులో 5 శాతం తగ్గించి 145 గ్రాములే వాడాలి. కొద్దిగా నూనె మిగిలినా ఫరవాలేదు గాని కాస్టిక్ మిగలరాదు. నీరు కాస్టిక్‌కు రెట్టింపు, అంటే 290 గ్రాములు.

ఇప్పుడు కొబ్బరి నూనెకు బదులు దుకాణదారు చెప్పకుండా పామాయిల్ ఇచ్చాడనుకోండి. అవసరమైన కాస్టిక్ 140 గ్రాములకు దిగుతుంది. వేసినది 145. రక్షణగా ఉంచిన 5 శాతం పోగా, 5 గ్రాములు సబ్బులో మిగిలిపోతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది. తప్పు జరిగింది తయారీలో కాదు, అమ్మకంలో.

తయారీ క్రమం

తూకం అంతా గ్రాములలోనే జరగాలి. గ్లాసులు, చెంచాల కొలత పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర వాడాలి. అల్యూమినియం పాత్రను కాస్టిక్ తినివేస్తుంది, మంటలంటుకునే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

కాస్టిక్‌ను నీటిలో కొద్దికొద్దిగా వేయాలి. కాస్టిక్ మీద నీరు పోస్తే ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది. ద్రవం బాగా వేడెక్కి ఘాటైన ఆవిరి వస్తుంది కనుక గాలి ఆడే చోట ఈ పని చేయాలి. ద్రవాన్ని, కరిగించిన నూనెను గోరువెచ్చగా చల్లారనిచ్చి, ద్రవాన్ని నూనెలో సన్నని ధారగా పోస్తూ కలపాలి. గరిటెతో పైన గీత గీస్తే అది నిలిచేంత చిక్కబడినపుడు అచ్చులలో పోయాలి. ఒకటి రెండు రోజులకు ముక్కలు కోసి, గాలి తగిలేలా నాలుగు వారాలు ఆరబెట్టాలి. కాస్టిక్ ఒంటిపై పడితే వెంటనే ధారాళంగా నీటితో చాలాసేపు కడగాలి. కంటిలో పడితే కడుగుతూనే వైద్యుని వద్దకు వెళ్లాలి.

వర్తకులు గమనించవలసినవి

కాస్టిక్ గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. మూత తెరిచి ఉంచిన డబ్బాలోని సరకు తూకానికి సరిపోయినా పనికి సరిపోదు. చిల్లరగా ఇచ్చేటప్పుడు కాగితంలో పొట్లం కట్టక, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, పైన హెచ్చరిక రాసి ఇవ్వాలి.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పామాయిల్ వచ్చేది పండు కండ నుంచి. పామ్ కెర్నెల్ నూనె వచ్చేది లోపలి గింజ నుంచి. చెట్టు ఒకటే అయినా గుణం వేరు. గింజ నూనె కొబ్బరి నూనెకు దగ్గరి చుట్టం, కిలోకు సుమారు 176 గ్రాముల కాస్టిక్ పడుతుంది. బిల్లుపై ఉత్త "పామ్" అని రాస్తే కొన్నవారి లెక్క 35 గ్రాములు తప్పవచ్చు.

తరుగు సంగతి సరేసరి. పై లెక్కలో పచ్చి సబ్బు 1,435 గ్రాములు తూగుతుంది. అందులో నీరే 290. ఆరక ముందే బరువు వేసి అమ్మితే నెల తిరిగేసరికి తూకం తగ్గి మాట వస్తుంది. సొంత వాడకం దాటి స్నానపు సబ్బును అమ్మకానికి చేసేవారు 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీ లైసెన్సు పొందాలి.

ధరలు పెరగడం, తగ్గడం బజారులో మామూలే. ఒక నూనె ప్రియమైతే మరొకటి ఇవ్వడంలో తప్పు లేదు. అయితే ఏది ఇస్తున్నదీ చెప్పి ఇవ్వాలి, బిల్లుపై అసలు పేరు రాయాలి. కాస్టిక్ తగ్గించుకోవడం కొన్నవారు చూసుకుంటారు.