అరవై ఏళ్ల వయసులో అందుకున్న పట్టా

మన ఊళ్లలో పెద్దలను ఎప్పుడైనా కదిలించి చూడండి. ప్రతి ఇంట్లోనూ సగంలో ఆగిపోయిన చదువు ఒకటి ఉంటుంది. నాన్నగారు పోవడం వల్లనో, ఇల్లు గడవక పనిలో చేరడం వల్లనో, పెళ్లి కుదరడం వల్లనో పుస్తకాలు అటకెక్కుతాయి. "ఇంక ఈ వయసులో నాకెందుకమ్మా చదువు?" అన్న మాటతో ఆ కథ ముగిసిపోతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆగిపోయిన చదువును అరవైయవ ఏట పూర్తిచేసి, లోకమంతటా ఉన్న తన అభిమానులను సంతోషపెట్టిన ఒక ఇంగ్లీషు సంగీతకారుని సంగతి ఈ నెల మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాం.

ఆయన పేరు బ్రయాన్ మే. క్వీన్ అనే రాక్ సంగీత బృందంలో గిటారు వాద్యకారుడు. రాక్ సంగీతం అనగానే మన పెద్దలు ముఖం చిట్లించుకోవచ్చు. కరెంటు గిటార్లు, డ్రమ్ముల హోరు, పొడవాటి జుట్టు మన కళ్ల ముందు మెదులుతాయి. ఆ పాటల మంచిచెడ్డలు అలా ఉంచి, ఆ మనిషి చదువు కథ వినండి.

తండ్రి, కొడుకు, ఒక గిటారు

బ్రయాన్ మే 1947 జూలై 19న లండన్ నగరానికి ఆనుకొని ఉన్న హాంప్టన్ ప్రాంతంలో పుట్టారు. ఒక్కడే కొడుకు. తండ్రి హెరాల్డ్ మే ప్రభుత్వ విమానయాన శాఖలో యంత్రాల నమూనాలు గీసే ఉద్యోగి. మధ్యతరగతి కుటుంబం. పిల్లవానికి ఎలక్ట్రిక్ గిటారు కావాలని కోరిక. కొనే స్తోమత లేదు. అప్పుడు ఆ తండ్రి కొడుకును నిరుత్సాహపరచలేదు. "మనమే చేసుకుందాం రా" అన్న ధోరణిలో ఉలి, రంపం చేతికి తీసుకున్నాడు.

1963లో మొదలుపెట్టి దాదాపు రెండేళ్లు ఇద్దరూ కష్టపడ్డారు. గిటారు మెడకు కావలసిన చెక్క ఒక పాత ఇంటి చలిమంట గూడు పైపలక నుండి వచ్చింది. దానిలో పురుగు తొలిచిన రంధ్రాలుంటే అగ్గిపుల్లలతో పూడ్చారు. పాత మోటారు సైకిలు ఇంజను స్ప్రింగులు బిగించారు. మెట్లను గుర్తుపట్టడానికి పెట్టిన తెల్లని చుక్కలు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు! ఆ గిటారు పేరు రెడ్ స్పెషల్. కోట్ల రూపాయల వాద్యాలు కొనగలిగిన రోజుల్లోనూ బ్రయాన్ దానినే వాయిస్తూ వచ్చారు.

ఆ ఇంట్లో రెండో ఆసక్తి ఆకాశం. 1957లో టెలివిజన్‌లో మొదలైన ప్యాట్రిక్ మూర్ ఖగోళ కార్యక్రమం కోసం ఆ పిల్లవాడు నిద్ర మానుకొని కూర్చునేవాడు. చదువులో చురుకైనవాడు కావడంతో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో భౌతికశాస్త్రం చదివి 1968లో పట్టభద్రుడయ్యాడు. 1970లో అక్కడే డాక్టరేటు పరిశోధన మొదలుపెట్టాడు. సరిగ్గా ఆ సంవత్సరమే క్వీన్ బృందం కూడా పుట్టింది. రెండు పడవల ప్రయాణం మొదలయింది.

ఆకాశంలో దుమ్ము

ఆయన పరిశోధించిన విషయం మన పల్లెవాసులకు అంత దూరమైనదేమీ కాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వెన్నెల లేని రాత్రి, తెల్లవారడానికి గంటన్నర ముందు, కరెంటు దీపాలు లేని పొలంగట్టు మీద నిలబడి తూర్పు దిక్కు చూడండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే పొద్దుగూకిన గంటన్నర తరువాత పడమర వైపు చూడండి. నేలనుండి పైకి, కొంచెం ఏటవాలుగా, వరికుప్ప ఆకారంలో ఒక పలుచని తెల్లని వెలుగు కనిపిస్తుంది. ఉదయం చూసినవారు తెల్లవారుతోందేమోనని పొరబడతారు. దీనినే రాశిచక్ర కాంతి అంటారు.

అది సూర్యుని వెలుగే. సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగే దారులలో సన్నని దుమ్ము వ్యాపించి ఉంది. తోకచుక్కలు విడిచిపెట్టినది కొంత, గ్రహశకలాలు ఒకదానికొకటి కొట్టుకున్నప్పుడు రాలినది కొంత. కిటికీ సందులోనుండి ఎండ పడినప్పుడు గదిలోని దుమ్ము మెరుస్తుంది కదా, ఆ విధంగానే ఈ ధూళి సూర్యకాంతిలో మెరుస్తుంది. ఆ దుమ్ము ఎటువైపు, ఎంత వేగంగా కదులుతోంది? ఇదే బ్రయాన్ ముందున్న ప్రశ్న.

దుమ్ము వేగాన్ని ఇక్కడనుండి ఎలా కొలుస్తారు? రైలు కూత వేస్తూ మనవైపు వస్తున్నప్పుడు ఆ ధ్వని సన్నగా వినిపిస్తుంది. మనలను దాటి వెళ్లగానే బొంగురుగా మారుతుంది. వెలుగు కూడా ఇంతే. వెలుగును పంపే వస్తువు మనవైపు వస్తుంటే దాని రంగు నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు రవ్వంత జరుగుతుంది. సూర్యకాంతిని రంగులుగా విడదీస్తే, ఆకుపచ్చ భాగంలో మెగ్నీషియం మూలకం వల్ల ఏర్పడిన ఒక నల్లని గీత ఉంటుంది. దుమ్ము మీద పడి వచ్చిన వెలుగులో ఆ గీత ఎంత జరిగిందో కొలిస్తే దుమ్ము నడక తెలుస్తుంది.

ఈ కొలతల కోసం ఆయన 1971, 1972 సంవత్సరాల్లో ఆఫ్రికా తీరానికి దగ్గరగా ఉన్న స్పెయిన్ దేశపు ద్వీపం టెనెరీఫ్‌కు వెళ్లారు. అక్కడ సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కొండ మీద వేధశాలలో రాత్రులు మేలుకొని లెక్కలు రాసుకున్నారు. ఆ పని ఫలితంగా రెండు పరిశోధన పత్రాలు అచ్చయ్యాయి. మొదటిది 1972లో సుప్రసిద్ధమైన నేచర్ పత్రికలో వచ్చింది. ఖర్చుల కోసం కొంతకాలం లండన్ బడి ఒకదానిలో పిల్లలకు లెక్కలు కూడా చెప్పారు.

సగంలో ఆగిన వ్యాసం

1974 నాటికి సిద్ధాంత వ్యాసం చాలావరకు రాయడమైంది. అయితే బృందానికి పేరు వచ్చేసింది. విదేశాలలో కచేరీలు, రికార్డింగులు. రెండు పడవల మీద కాళ్లు నిలవలేదు. బ్రయాన్ చదువును ఆపివేశారు.

ఇది ఆ తండ్రికి పెద్ద దెబ్బ. తన చేతులతో గిటారు చేసి ఇచ్చినవాడే, ఆ గిటారు కోసం కొడుకు డాక్టరేటును వదులుకుంటుంటే తట్టుకోలేకపోయాడు. కొంతకాలం తండ్రీ కొడుకుల మధ్య మాటలు కూడా సరిగా లేవు. మన ఇళ్లలో జరగనిదా ఇది? తరువాత ఒకసారి బ్రయాన్ తల్లిదండ్రులను న్యూయార్కుకు పిలిపించుకొని, వేలాది జనం నిండిన మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తన కచేరీ చూపించారు. ఆ రాత్రి తండ్రి మనసు కరిగింది. కొడుకు ఎందుకు అలా చేశాడో అర్థమైందని ఒప్పుకున్నాడు. ఆ తండ్రి 1988లో కన్నుమూశాడు.

క్వీన్ బృందం కీర్తిని గురించి ఇక్కడ విస్తరించనవసరం లేదు. ఆ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పార్శీ కుటుంబంలో జాంజిబార్‌లో పుట్టి, మన దేశంలో పంచగని పట్టణపు బడిలో చదువుకున్నవాడు. ఆయన 1991లో ఎయిడ్స్ వ్యాధితో మరణించాడు. క్రికెట్ మైదానాలలో రెండుసార్లు కాళ్లతో తొక్కి ఒకసారి చప్పట్లు కొట్టే 'వి విల్ రాక్ యూ' పాట మీలో చాలామంది టీవీలో వినే ఉంటారు. 1977 నాటి ఆ పాటను రాసినది బ్రయాన్ మే. కొద్దిమంది చేసిన చప్పుడు పెద్ద గుంపు చేసినట్లు వినిపించడానికి ఆయన తన భౌతికశాస్త్రాన్నే ఉపయోగించారు. అంటే చదువు ఆగింది గాని మనసులోనుండి పోలేదన్నమాట.

తిరిగి విద్యార్థిగా

ఏళ్లు గడిచాయి. చిన్ననాడు టీవీలో చూసిన ప్యాట్రిక్ మూర్ ఇప్పుడు స్నేహితుడయ్యాడు. ఆయనతోను, క్రిస్ లింటాట్ అనే యువ శాస్త్రజ్ఞునితోను కలిసి బ్రయాన్ 2006లో విశ్వ చరిత్రను గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ఆ రోజుల్లోనే, పాత పరిశోధనను ఎందుకు ముగించకూడదన్న ఆలోచన బలపడింది. ఇంపీరియల్ కళాశాలలోనే ఆచార్య మైకేల్ రోవన్-రాబిన్సన్ పర్యవేక్షణలో తిరిగి విద్యార్థిగా చేరారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడమే ఆయన కోరికైతే ఇంత శ్రమ అవసరమే లేదు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయం 2002లోనే ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 2007లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం మరొకటి ఇచ్చింది. గౌరవ డాక్టరేటు అందగానే పేరు బోర్డు మార్పించుకునే అలవాటు మన దగ్గర సినిమావారిలో ఉంది, రాజకీయ నాయకులలో ఉంది, నొచ్చుకోకండి, మన సంఘాలలోనూ లేకపోలేదు. ఆయన మాత్రం పాత నోటు పుస్తకాలను తిరిగి తెరిచారు.

పని అంత సులువేమీ కాదు. ముప్పైమూడేళ్లలో ఆ విషయం మీద లోకంలో జరిగిన పరిశోధననంతా చదవాలి. 1983లో ఆకాశానికి వెళ్లిన ఐరాస్ అనే ఉపగ్రహం ఆ ధూళిలో పట్టీల వంటివి ఉన్నాయని కనిపెట్టింది. అటువంటి కొత్త సంగతులతో తన పాత కొలతలను సరిచూడాలి. అయితే ఒక మేలు కూడా జరిగింది. ఆ దుమ్ము వేగాన్ని కొలిచే పని మధ్య కాలంలో చేసినవారు చాలా తక్కువ. అందుచేత 1971, 1972 నాటి ఆ రాత్రుల లెక్కలు పాతబడిపోలేదు. ఆ ధూళిలో అత్యధిక భాగం గ్రహాలు తిరిగే దిక్కుననే సూర్యుని చుట్టూ తిరుగుతోందని ఆ కొలతలు చూపించాయి.

2007 ఆగస్టులో వ్యాసం సమర్పించారు. ఆగస్టు 23న మౌఖిక పరీక్ష. లక్షలమంది ఎదుట బెదరకుండా వాయించినవాడు ఆ రోజు పరీక్షకుల ఎదుట ప్రశ్నలకు జవాబులు చెప్పుకునే విద్యార్థి. చిన్న చిన్న దిద్దుబాట్లతో వ్యాసం అంగీకరింపబడింది. 2008 మే నెలలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో జరిగిన స్నాతకోత్సవంలో, తెల్లబడుతున్న ఉంగరాల జుట్టుతో, గౌను ధరించి, తన పిల్లల వయసున్న విద్యార్థుల మధ్య నిలబడి పట్టా అందుకున్నారు.

అభిమానులు ఎందుకు సంతోషించారు?

ఆ వార్త వెలువడగానే దేశదేశాల అభిమానులు సంబరపడ్డారు. అప్పటినుండి వారికి ఆయన "డాక్టర్" అయిపోయారు. ఆ జుట్టు చూసి ఐజాక్ న్యూటన్ తిరిగి వచ్చాడని హాస్యమాడినవారూ ఉన్నారు. ఆలోచిస్తే ఇది వింతగానే ఉంటుంది. అభిమానులు సాధారణంగా పాట బాగుంటే సంతోషిస్తారు, సినిమా ఆడితే సంతోషిస్తారు. తమకు ఒక్క ముక్క అర్థంకాని ధూళి శాస్త్రంలో ఆయన ఉత్తీర్ణుడైతే వారికి ఎందుకంత ఆనందం?

మాకు తోచిన కారణం ఇది. ఆ అభిమానులలో చాలామంది 1970లలో యౌవనస్థులు. 2007 నాటికి వారికీ నెరసిన జుట్టే. వారి జీవితాలలోనూ మధ్యలో వదిలేసిన పనులు ఎన్నో. కీర్తి, ధనం, బిరుదులు మనకు రానివి, అవి ఆయన సొంతం. కాని సగంలో ఆగిన చదువు ఆయనకూ ఉంది, మనకూ ఉంది. ఆయన దానిని ముగించినప్పుడు, తమ ఇంటి పెద్దాయన పరీక్ష పాసైనట్లు వారు మురిసిపోయారు.

ఆ పట్టా అలంకారానికే మిగిలిపోలేదు. 2015లో న్యూ హొరైజన్స్ నౌక ప్లూటోను దాటినప్పుడు ఆయన ఆ శాస్త్రజ్ఞుల మధ్య కూర్చొని, లోతు తెలిసేలా కనిపించే జంట చిత్రాలు తయారుచేశారు. బెన్నూ అనే గ్రహశకలం నుండి మట్టి తెచ్చిన నౌక బృందానికి, ఎక్కడ దిగితే క్షేమమో తేల్చుకోవడంలో అటువంటి చిత్రాలతోనే సాయపడ్డారు. 52665 సంఖ్య గల గ్రహశకలానికి ఆయన పేరే పెట్టారు. 2023లో బ్రిటన్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

ఈ కథలో మనసును కలచే భాగం ఒకటి మిగిలే ఉంది. ఆ పట్టా కోసం అందరికంటె ఎక్కువగా ఆశపడిన హెరాల్డ్ మే దానిని చూడలేదు. అప్పటికి ఆయన పోయి పంతొమ్మిదేళ్లు. తల్లిదండ్రుల ఆశ నెరవేర్చడంలో ఆలస్యమైతే కొంత నష్టం ఉంటుంది. దానిని మాటలతో కప్పిపుచ్చలేము. అయినా ఆ తండ్రి నేర్పిన పాఠం కొడుకులో నిలిచింది. పాత చెక్కను పారేయకుండా, పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చి, రెండేళ్లు ఓపికగా పట్టుకొని వాద్యంగా మార్చిన మనిషి ఆయన. పాత నోటు పుస్తకాలతో కొడుకు చేసినది కూడా ఆ పనే కదా!

తల్లిదండ్రులారా, మీ పిల్లవాని మనసు చదువు మీదనుండి పాట మీదికో, ఆట మీదికో మళ్లితే కోపగించి మాటలు మానుకోకండి. యౌవనస్థులారా, ఒక పని కోసం మరొకటి ఆపవలసి వస్తే, ఆపినదాని కాగితాలను భద్రంగా దాచుకోండి. పెద్దలారా, ఈ రాత్రి ఒకసారి అటక మీద చెయ్యి పెట్టి చూడండి. దుమ్ము దులిపితే ఏం బయటపడుతుందో ఎవరికి తెలుసు?