తుపాను, వరద: సాయం చేరేలోపు గడిచే మూడు రోజులకు ఇంట్లో ఏముండాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గాలివాన తెరిపినిచ్చిన తర్వాతే నగరవాసులకు మరో రకం ఇక్కట్లు మొదలయ్యాయి. విద్యుత్తు లేక మోటార్లు ఆగాయి, కుళాయిలు ఎండిపోయాయి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఏటీఎంలు పనిచేయలేదు. పాల ప్యాకెట్టుకూ, తాగునీటి డబ్బాకూ అడిగినంత ధర చెల్లించవలసి వచ్చింది.

పదేళ్ల తర్వాత, 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తింది. సింగ్‌నగర్ పరిసరాల్లో వేలాది కుటుంబాలు పై అంతస్తుల్లో, డాబాల మీద చిక్కుకుపోయాయి. హెలికాప్టర్లు, డ్రోన్ల ద్వారా కూడా ఆహార పొట్లాలను జారవిడవవలసి వచ్చింది.

ఈ రెండు విపత్తులకూ ముఖ్యమైన తేడా ఒకటుంది. తుపాను విషయంలో భారత వాతావరణ విభాగం సాధారణంగా 48 గంటల ముందే తీర ప్రాంతాలను అప్రమత్తం చేస్తుంది. పట్టణంలో పొంగే వాగు అంత గడువు ఇవ్వదు. గడువు ఉన్నచోట కూడా చివరి రోజున అందరూ ఒక్కసారిగా దుకాణాల మీద పడితే ధరలు పెరుగుతాయి. ఆ భారం మొదట పడేది ఏ రోజు కూలీతో ఆ రోజు గడిపే కుటుంబాల మీదే. అందుకే నెలవారీ సరుకులతో పాటు ఒకటి రెండు వస్తువులు అదనంగా తెచ్చుకుంటూ, రెండు మూడు నెలల్లో నిల్వను సమకూర్చుకోవడం అన్నిటికన్నా చౌకైన మార్గం.

నీరు లేనిదే తిండి కూడా లేదు

తాగడానికీ, వంటకూ కలిపి మనిషికి రోజుకు కనీసం మూడు లీటర్ల నీరు కావాలి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 36 లీటర్లు. అంటే 20 లీటర్ల డబ్బాలు రెండు. కొత్తవి కొనవలసిన పని లేదు. శుభ్రంగా కడిగిన పాత నీళ్ల డబ్బాలు చాలు. పురుగుమందులు, రంగులు, రసాయనాలు నిల్వ చేసిన డబ్బాలను మాత్రం ఎంత కడిగినా వాడరాదు. మూత బిగుతుగా ఉండాలి. గ్లాసు ముంచి తీసే వెడల్పు మూతి పాత్రలో చేతి మురికి నీటిలో కలుస్తుంది కనుక, వంచి పోసుకునే డబ్బా మేలు. వారానికోసారి ఆ నీటిని ఇంటి పనులకు వాడి మళ్లీ నింపుకుంటే వృథా ఉండదు.

వరద ఇంట్లోకి వచ్చినప్పుడు చాలామంది మరచిపోయేది సంపు సంగతి. మురుగు కలిసిన వరద అందులోకి చేరుతుంది. పైకి తేటగా కనిపించినా ఆ నీరు తాగడానికి పనికిరాదు. వేరే దారి లేనప్పుడు ఇతర నీటిని గుడ్డతో వడకట్టి, బాగా తెర్లిన తర్వాత కనీసం ఒక నిమిషం మరిగించాలి. పొయ్యి వెలిగించే వీలు లేకపోతే క్లోరిన్ బిళ్లలు ఉపయోగపడతాయి. ప్యాకెట్టు మీద సూచించిన మోతాదులో వేసి అరగంట ఆగాలి. బురద నీటిలో క్లోరిన్ సరిగా పనిచేయదు కనుక ముందుగా వడకట్టడం తప్పనిసరి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ ప్రాణాధారం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఆశా కార్యకర్తల వద్ద ఈ ప్యాకెట్లు ఉచితంగా లభిస్తాయి. అవి లేనప్పుడు లీటరు మంచినీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించవచ్చు. రెండింటినీ టీ చెంచాతో, తల గొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

పొయ్యి వెలగని ఇంట్లో

బియ్యం, కందిపప్పు ఎంత ఉన్నా గ్యాసూ నీరూ లేకపోతే కడుపు నింపవు. ఒడిశాలోనూ, బంగ్లాదేశ్‌లోనూ తుపాను బాధితులకు మొదట అటుకులు, బెల్లం పంచడం ఏళ్లుగా వస్తున్న పద్ధతి. దాని వెనుక ఉన్న లెక్క ఇదే. అటుకులు గుప్పెడు నీటితో నానుతాయి. మరమరాలు, వేయించిన శనగలు, వేరుశనగ పప్పు, పాలపొడి కూడా ఈ కోవలోనివే. ఊరగాయ నిల్వ ఉంటుంది గాని దాహం పెంచుతుంది. నీరు కొరతగా ఉన్నప్పుడు దాని మీద ఆధారపడకపోవడమే మంచిది. పాత సరుకు ముందు తిని, ఆ స్థానంలో కొత్తది పెట్టుకుంటే ఏదీ ముక్కిపోదు.

రక్తపోటు, మధుమేహం, మూర్ఛ వంటి వ్యాధులకు రోజూ మందులు వాడేవారు కనీసం వారానికి సరిపడా అదనంగా ఉంచుకోవాలి. కరెంటు పోతే ఇన్సులిన్ పాడైపోతుందన్న భయం చాలా ఇళ్లలో ఉంది. తెరిచిన ఇన్సులిన్‌లో చాలా రకాలు 30 డిగ్రీలు మించని చోట నాలుగు వారాల వరకు పనిచేస్తాయి. ఒక మట్టికుండలో మరో చిన్న కుండ ఉంచి, మధ్యలో తడి ఇసుక నింపి, ఇన్సులిన్‌ను తడవకుండా లోపలి కుండలో పెడితే అది చాలావరకు చల్లగానే ఉంటుంది.

టార్చిలైటు, అగ్గిపెట్టె, చిన్న బ్యాటరీ రేడియో, ఛార్జింగ్ పెట్టిన పవర్ బ్యాంకు గురించి వేరే చెప్పనక్కరలేదు. టార్చిలో బ్యాటరీలను అలాగే నెలల తరబడి వదిలేస్తే కారి పాడవుతాయి. విడిగా చుట్టి ఉంచాలి. సిగ్నల్ లేని రోజున యూపీఐ పనిచేయదు కనుక పది, ఇరవై, యాభై రూపాయల నోట్లు కొన్ని దాచుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం నకళ్లను ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంచితే, తర్వాత నష్టపరిహారం కోసం దరఖాస్తు చేసేటప్పుడు తిరగవలసిన అవస్థ తగ్గుతుంది.

ఇవన్నీ ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. మంచం కింద దాచిన సంచి వరద నీటిలో మొదట మునుగుతుంది. అటక మీదో, పై అంతస్తులో బంధువుల ఇంటనో ఉంచాలి. ఖాళీ చేయమని అధికారులు చెబితే ఒక్క చేత్తో మోయగలిగేంత బరువే ఉండాలి. నీళ్ల డబ్బాలు ఇంట్లో ఉండిపోయేవారి కోసం. వెళ్లేవారి సంచిలో ఒక సీసా చాలు.

అత్యవసర సహాయానికి 112, రాష్ట్ర విపత్తు నియంత్రణ కేంద్రానికి 1070, జిల్లా కేంద్రానికి 1077. ఫోన్ ఆరిపోతే అందులోని నంబర్లూ దానితోపాటే పోతాయి గనుక, వీటితో పాటు దగ్గరి బంధువుల నంబర్లను కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టుకోవాలి.