పన్నెండు గళ్ల పట్టిక పక్కన పెట్టండి

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో చేరిన కొద్దిరోజులకే బోర్డు మీద ఆ పట్టిక పడుతుంది. నిలువుగా మూడు కాలాలు, అడ్డంగా నాలుగు రూపాలు, మొత్తం పన్నెండు గళ్లు. 'ఐ షల్ హ్యావ్ బీన్ గోయింగ్' దాకా ఎక్కాల్లా అప్పజెప్పేస్తారు. బయట ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే మాత్రం నోరు పెగలదు. లోపం జ్ఞాపకశక్తిలో లేదు, నేర్పే వరసలో ఉంది.

మన పెద్దలు ప్రాణప్రదంగా చూసుకున్న 'రెన్ అండ్ మార్టిన్' గ్రామర్ మొదలయ్యేది వాక్యంతో. ఆ వెంటనే సబ్జెక్ట్, ప్రెడికేట్. కాలాలు చాలా దూరాన ఉంటాయి. మనం మాత్రం తిన్నగా కాలాల దగ్గరే పుస్తకం తెరుస్తాం.

ముందు తేల్చుకోవాల్సింది వాక్యంలో మాటల చోటు సంగతి. 'కుక్క పిల్లిని తరిమింది', 'పిల్లిని కుక్క తరిమింది'... ఎలా అన్నా తరిమింది కుక్కే. ఆ 'ని' ఉన్నంతకాలం మనకు బెంగ లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌కీ ఇలాంటి విభక్తులుండేవి. అవి అరిగిపోయాక ఆ పని మాటల వరస మీద పడింది. అందుకే 'ద డాగ్ చేజ్డ్ ద క్యాట్'లో కుక్కనీ పిల్లినీ తారుమారు చేస్తే తరిమేది పిల్లి అవుతుంది. ఎవరు, ఏం చేశారు, దేన్ని... ఆ వరస తప్పకూడదు. ఇక 'మా నాన్న రైతు' అంటే మనకు నిండు వాక్యం. ఇంగ్లిష్‌లో క్రియ లేనిదే గడవదు, 'ఈజ్' పడాల్సిందే.

అసలు చిక్కు 'ఇంగ్'తో. 'బ్యాంకులో పనిచేస్తున్నాను' అనే అలవాటుతో 'ఐ యామ్ వర్కింగ్' అంటాం. అది తప్పు కాదు గానీ, స్థిరమైన ఉద్యోగానికి ఇంగ్లిష్ వాళ్లు మామూలుగా వాడేది 'ఐ వర్క్'. 'ఐ యామ్ నోయింగ్', 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' మాత్రం ప్రామాణిక ఇంగ్లిష్‌లో చెల్లవు. బళ్లో తద్ధర్మ క్రియ చదివాం కదా, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని! 'ఐ వర్క్' లాంటి సింపుల్ ప్రెజెంట్ ముఖ్యంగా చేసే పని అదే. దానికి 'వర్తమానం' అని పేరు పెట్టి పిల్లల్ని తికమక పెట్టాం.

రెండో చిక్కు 'హ్యావ్'. 'భోంచేశాను, ఇప్పుడేం వద్దు' అన్నప్పుడు 'ఐ హ్యావ్ ఈటెన్'. నిన్న, పోయినేడాది, 2019లో అంటూ గడిచిపోయిన సమయం చెప్పారా, 'హ్యావ్' తీసేయండి. 'ఐ హ్యావ్ గాన్ యస్టర్డే' అనరు, 'ఐ వెంట్ యస్టర్డే' అంటారు.

భవిష్యత్తు గురించి బెంగ వద్దు. 2002లో హడల్‌స్టన్, పులమ్ వెలువరించిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ఇంగ్లిష్‌కి భవిష్యత్కాలమే లేదంటుంది. క్రియ రూపం మారదు, 'విల్' లాంటి మాట సాయం వస్తుందంతే. మన 'వస్తాను' రోజూకీ, రేపుకీ సరిపోవడం లేదూ?

కాబట్టి పిల్లల చేత పట్టిక బట్టీ పట్టించకండి, మీరూ పట్టకండి. రోజూ చేసే పనులు ఐదు సింపుల్ ప్రెజెంట్‌లో, నిన్న చేసినవి ఐదు 'ఐ వెంట్' లాంటి సింపుల్ పాస్ట్‌లో రాయండి, పైకి చదవండి. ఈ రెండూ తడుముకోకుండా వచ్చాక మిగతా గళ్ల జోలికి వెళ్లండి.