సంఖ్య చదువగా దక్కిన విమానము

మైదుకూరు ప్రాంతపు పల్లెవాసులకు శాసనపు రాయి క్రొత్త వస్తువు కాదు. చదువువాడు లేనిచో అది గడపరాయి యగును. చదువువాడున్నచో చరిత్ర యగును. కడప సీమలోని కలమళ్ల శాసనము క్రీ.శ. 575 ప్రాంతపు తెలుగు వ్రాతయని చదివినవారివలననే లోకమునకు తెలిసెను. లోహమునకును ఇదే గతి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హవర్ ఎక్కిన ‘కొలంబైన్-2’ విమానము కథ అందులకు నిదర్శనము.

అది 1948లో లాక్‌హీడ్ కర్మాగారమున తయారైన కాన్‌స్టెలేషన్ జాతి విమానము. అదే యేడు జూన్ 8న బొంబాయినుండి లండనుకు బయలుదేరిన ఎయిరిండియా వారి ‘మలబార్ ప్రిన్సెస్’ కూడ ఆ జాతిదే. కొలంబైన్ యనునది కొలరాడో రాష్ట్రపు పుష్పము. అధ్యక్షుని సతీమణి మేమీ పెరిగినది ఆ రాష్ట్రముననే.

విమానము సంఖ్య 8610. 1953లో అదే సంఖ్యగల ప్రయాణికుల విమానమొకటి ఆకాశమున దాపునకు రాగా, నేలనుండి దారి చూపువారు తికమకపడిరని చెప్పుదురు. అధ్యక్షుడున్న వైమానికదళ విమానమును ‘ఎయిర్ ఫోర్స్ వన్’ అని పిలుచుట అందువలననే ఏర్పడెను.

1954లో క్రొత్త విమానము రాగా దీని వైభవము తగ్గెను. 1970లో ప్రభుత్వము దీనిని మిగులు సామగ్రి క్రింద అమ్మివేసెను. పైరులపై మందు చల్లు వ్యాపారి యొకడు ఐదు విమానములను ఒక్కమారుగా కొనగా, అందు ఇదియు నుండెను. ఇది అధ్యక్షుని వాహనమని అతడెరుగడు. దీని భాగములను ఊడదీసి తక్కినవానికి వాడుకొనెను. తుదకు స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన నిపుణుడొకడు సంఖ్యనుబట్టి గుర్తుపట్టి తెలియజేసెను. అంతట ఆ వ్యాపారియే మనసు మార్చుకొని బాగుచేయించెను. 1990లో ఐసెన్‌హవర్ శతజయంతికి అది ఆయన పెరిగిన అబిలీన్ పట్టణమునకు ఎగిరివచ్చెను.

పిమ్మట అరిజోనా ఎడారిలో ఏండ్లతరబడి నిలిచిపోయెను. రాయలసీమవారెరిగినట్టి పొడిగాలి లోహమును తుప్పునుండి కాపాడినను, ఎండ రబ్బరు గొట్టములను పగులగొట్టును. ఇంజనులు నాలుగు, ఒక్కొక్కదానికి సిలిండర్లు 18. ఇంత పాత యంత్రమునకు విడిభాగములు అంగడిలో దొరకవు. వెదకి తేవలెను, లేదా క్రొత్తగా చేయవలెను. 2015లో డైనమిక్ ఏవియేషన్ సంస్థ దీనిని కొని, ఎగురుటకు సిద్ధపరచి, 2016 మార్చిలో వర్జీనియాలోని బ్రిడ్జ్‌వాటరుకు చేర్చి, సమగ్ర పునరుద్ధరణకు పూనుకొనెను.

ధనమును, పనితనమును తరువాత వచ్చినవి. ముందు వచ్చినది ఒక సంఖ్యను శ్రద్ధగా చదివిన చూపు. ప్రతి యూరను ఒక పాత బావియో, బడిగంటయో, అక్షరములు మాసిన రాయియో యుండును. దానిని ఎవరు నిలిపిరో, ఏ యేట నిలిపిరో చెప్పగల వృద్ధులుండగనే విద్యార్థులచేత వ్రాయించి బడిలో భద్రపరచుట ఉపాధ్యాయులు చేయదగిన పని. అందులకు ఒక నోటు పుస్తకము చాలును.