ఆక్సోలోటల్‌ను పెంచదలచినవారికి: ముందు చూడవలసినది నీటి చల్లదనం

మొన్న మాఘమాసంలో మా తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు గాజుగిన్నెను రెండు చేతులా పట్టుకొని బడికి వచ్చాడు. బెంగళూరులో పనిచేసే వాళ్ళన్న తెచ్చి ఇచ్చాడట. అడుగున రంగురాళ్ళు. వాటి మీద జానెడైనా లేని గులాబిరంగు జీవి. తలకు రెండు వైపులా మూడేసి ఈకల వంటి మొప్పలు, నవ్వుతున్నట్లే ఉండే వెడల్పాటి నోరు. ‘నడిచే చేప’ అని చెప్పి అమ్మారట. చైత్రం వచ్చేసరికి మొప్పల మీద దూది వంటి బూజు పట్టింది. “రోజూ నీళ్ళు మార్చి చూడు నాయనా” అని సలహా ఇచ్చినవాడిని నేనే. వాడు శ్రద్ధగా పంచాయతీ కుళాయి నీళ్ళు మార్చి మార్చి పోశాడు. పది రోజులకు అది చనిపోయింది. ఇప్పుడు ఇంకొకటి తెచ్చుకుంటానంటున్నాడు. వాడికి ఈసారైనా సరైన మాట చెప్పాలని చదివి తెలుసుకున్న సంగతులివి.

ఆక్సోలోటల్ చేప కాదు. కప్పకు దూరపు చుట్టమైన సాలమాండర్ అనే ఉభయచరాలలో ఒకటి. కప్పపిల్ల తోకను, మొప్పలను వదులుకొని గట్టెక్కుతుంది కదా, ఇది ఆ పని చేయదు. పిల్లరూపంలోనే పెరిగి పెద్దదై, గుడ్లు పెట్టి, జీవితమంతా నీటిలోనే గడుపుతుంది. చక్కగా చూసుకుంటే 10 నుండి 15 ఏళ్ళు బ్రతుకుతుంది. కాలు తెగితే తిరిగి మొలిపించుకోగలదు. ఇంతటి జీవికి ఎండవేడి మాత్రం పడదు.

దీని పుట్టినిల్లు మెక్సికో నగరానికి దక్షిణాన ఉన్న సోచిమిల్కో కాలువలు. ఆ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఉదకమండలం ఎత్తు కూడా దాదాపు అంతే. కనుక ఊటీలోని చల్లని కొలను నీటిని ఊహించుకుంటే చాలు, దీనికి కావలసినది బోధపడుతుంది. ఆ కాలువలలో 1998లో చదరపు కిలోమీటరుకు దాదాపు 6,000 ఉన్నట్లు లెక్కకట్టగా, 2014 నాటికి 36 మాత్రమే మిగిలాయి. అంగళ్ళలో అమ్మేవి అక్కడి నుండి పట్టి తెచ్చినవి కావు, తొట్లలో పెంచినవే. 1864లో పారిస్‌కు పంపిన కొద్ది ఆక్సోలోటల్‌ల సంతానమే ప్రయోగశాలల ద్వారా ప్రపంచమంతటా వ్యాపించింది.

తొట్టిలోని నీరు 16 నుండి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 20 వరకు ఓర్చుకుంటుంది. 24 దాటితే ఆకలి మందగిస్తుంది, బూజురోగాలు అంటుకుంటాయి. పైగా నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. మన ఇళ్ళలో వేసవి నీరు 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది. నీటి ఉపరితలం మీదుగా చిన్న ఫ్యాను గాలి తగిలేటట్లు పెడితే మట్టికుండ సూత్రమే పనిచేస్తుంది. ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోయి రెండు నుండి నాలుగు డిగ్రీలు తగ్గిస్తుంది. బళ్ళారి వైపు పొడిగాలిలో ఇది కొంత మేలు. యానాం వంటి ఉక్కపోత ఊళ్ళలో అంత ఫలితం ఉండదు. మంచుగడ్డల సీసాలు వేస్తే గంటలో చల్లబడి, మరో గంటలో మళ్ళీ వేడెక్కుతుంది. ఆ ఎగుడుదిగుడులూ దానికి హానికరమే. నిలకడగా చల్లబరచే యంత్రం ఒక్కటే మార్గం. దానిని చిల్లర్ అంటారు, ధర మాత్రం చిల్లర కాదు, సాధారణంగా తొట్టి ధరను మించుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయే ఊళ్ళలో దానికి ఇన్వర్టరు కూడా కావాలి. ఇవి అమర్చలేనివారు ఆ జీవిని తేకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక నేను చేసిన తప్పు. పంచాయతీ నీటిలో బ్లీచింగ్ పౌడరు వల్ల క్లోరిన్ ఉంటుంది. మనకు అది రక్షణ, మొప్పలకు మాత్రం మంట. నీటిని వెడల్పు మూతి పాత్రలో ఒక రోజంతా తెరచి ఉంచాలి, లేదా అక్వేరియం దుకాణాలలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు కలపాలి.

తొట్టి సిద్ధమైన రోజే జీవిని వదలడం మరొక పొరపాటు. దాని విసర్జనల నుండి అమ్మోనియా పుడుతుంది, అది విషం. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. ఇంకొక రకం నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండు రకాలూ ఫిల్టరులోని స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. అంతవరకు జీవి లేకుండానే ఫిల్టరును నడుపుతూ, కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ పోవాలి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపిన తరువాతే దానిని తేవాలి. పాలు తోడుకోకముందే పెరుగు వడ్డించలేము కదా! ఆ పైన వారానికొకసారి నాలుగవ వంతు నీరు మారిస్తే చాలు. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి.

ఒక్కదానికి కనీసం 75 లీటర్ల తొట్టి కావాలి, 100 లీటర్లు దాటితే మరీ మంచిది. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం, ఎందుకంటే ఇది అడుగున నడిచే జీవి. రంగురాళ్ళు వేయరాదు, నోటితో ఒక్కసారిగా పీల్చి తినే అలవాటు వలన రాళ్ళు కూడా మింగి, పేగు మూసుకుపోయి చనిపోవచ్చు. అడుగు ఖాళీగా ఉంచినా, సన్నని ఇసుక పరచినా సరిపోతుంది. కనురెప్పలు లేవు గనుక పెద్ద దీపాలు వద్దు. పగలు దాగడానికి అంచులు నున్నగా ఉన్న పూలకుండీని పక్కకు పడుకోబెడితే చాలు. ఫిల్టరు ధార మెల్లగా ఉండాలి. తోడుగా చేపలను వేస్తే అవి మొప్పలు కొరుకుతాయి, లేదా ఇదే వాటిని మింగుతుంది.

ఆహారానికి మందులు చల్లని పెరటిలోని వానపాములే శ్రేష్ఠం. పెద్దదానికి వారానికి రెండు మూడు సార్లు చాలు.

ఇది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న జీవి. అటువంటి వాటిని పెంచేవారు 2024 నాటి నియమాల ప్రకారం కేంద్రప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కొనేటప్పుడే రసీదు, కాగితాలు అడగండి. పెంచలేకపోతే చెరువులో వదలడం మాత్రం ఎన్నడూ చేయరాదు.

ఆ పిల్లవాడికి బడి ప్రయోగశాలలోని థర్మామీటరు ఇచ్చి, ఇంట్లో నీడపట్టున బకెట్ నీళ్ళు పెట్టి రోజూ మూడు పూటలా కొలిచి వ్రాయమన్నాను. రెండు వారాలుగా వ్రాస్తున్నాడు. తెల్లవారుజామున 26, మధ్యాహ్నం మూడు గంటలకు 31. నిన్న ఆ నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టి, “సార్, చిల్లర్ ఎంత కరెంటు తాగుతుంది?” అని అడిగాడు. ఇద్దరం కూర్చొని లెక్క వేస్తున్నాము.