కరువు సీమలో అడవినాభి సాగు

తొలకరి తరువాత అడవి అంచులలో, వాగు పక్క పొదలలో ఆకు కొసల నులితీగెలతో పైకి ప్రాకి, ఆకుపచ్చగా విచ్చిన పూవును పసుపుగానూ, ఆపై కెంపుగానూ మార్చుకొనే దేశీయ మొక్క అడవినాభి (గ్లోరియోసా సూపర్బా). అగ్నిశిఖ అనే పేరు పూవును బట్టి, లాంగలి అనే సంస్కృతనామం నాగలి వంటి దుంపను బట్టి ఏర్పడినవి. హిమాలయ ప్రాంతపు వసనాభి వేరు జాతి మొక్క. రెండూ విషపూరితాలే కనుక ఈ పేర్ల తికమకను రైతు వద్ద ముందుగానే తొలగించాలి.

తమిళనాడులో దీనిని గింజల కొరకు పంటగా పండిస్తున్నారు. గింజలలోని కాల్చిసిన్ గౌట్ చికిత్సకు, మొక్కల ప్రజననంలో క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేయుటకు ఉపయోగపడుతుంది. వేసవిలో దుంప నిద్రావస్థలో ఉండి నీరు కోరదు. ఈ ఒక్క లక్షణాన్ని చూసి దీనిని కరువు పంటగా ఉరవకొండ వంటి ప్రాంతాలకు సిఫారసు చేయాలన్న ఆలోచన సహజమే గాని, అది సగం నిజంపై నిలిచినది. అడవినాభి కరువును తట్టుకోదు, తప్పించుకొంటుంది. మొలక నుండి కాయ ముదిరే వరకు వేళ్ల వద్ద తేమ తగ్గరాదు. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే, అందులో ఎక్కువ భాగం సెప్టెంబరు పరిసరాలలో కురుస్తుంది. జూన్, జూలై మాసాలలో దీర్ఘ బెట్ట సాధారణం. కాబట్టి వేరుశనగకు బదులుగా వర్షాధారంగా దీనిని వేయించడం రైతును నష్టానికి గురిచేయడమే.

బిందుసేద్యం గల తోటలో, కానుగ లేక వేప చెట్ల పలుచని నీడలో కొద్ది విస్తీర్ణంలో పెంచి చూడవచ్చు. నేల ఎంపిక ఇక్కడ కీలకం. ఉరవకొండ పరిసరాలలో ఎర్రనేలలతో పాటు శనగ పండే నల్లరేగడులూ ఉన్నాయి. రేగడిలో నీరు నిలిచి దుంప కుళ్లుతుంది. తేమ కావాలి, మురుగు పనికిరాదు. నీరింకే ఎర్రనేలలో పశువుల ఎరువు కలిపి, ఆకుచెత్తను మందంగా పరచాలి.

దుంప ఒక్కొక్క కొమ్ము చివర ఒకే మొలక మొగ్గ ఉంటుంది. అది విరిగితే ఆ కొమ్ము మొలకెత్తదు. ఆ కారణంగా త్రవ్వుట, రవాణా, నాటుట అన్నీ చేతితో మెల్లగా జరగాలి. నేల బాగా తడిసిన తరువాతనే 60×45 సెం.మీ. ఎడంలో నాటి, తీగకు ఊతమివ్వాలి. విత్తనంతో పెంచితే పూతకు మూడు, నాలుగేళ్లు పడుతుంది. ఈ జాప్యమే అడవి నుండి దుంపలు పెకలించుకొచ్చే దురాచారానికి మూలం. నాటు సామగ్రి సాగుదారుల నుండే తేవాలి.

పూవులో కీలం పక్కకు దాదాపు లంబకోణంలో వంగి, కీలాగ్రం పరాగకోశాలకు దూరంగా ఉంటుంది. స్వపరాగ సంపర్కం అరుదు కనుక తమిళనాడు రైతులు ఉదయం వేళ చేతితో పుప్పొడి అద్దుతారు. ఈ కూలి ఖర్చును లెక్కలో చేర్చని ఆదాయ అంచనా నమ్మదగినది కాదు. ఆకులను తినే పాలిటెలా గొంగళిపురుగులను తొలిదశలోనే ఏరివేయాలి.

మొక్కలోని అన్ని భాగాలూ విషమే, దుంప మరీ ప్రమాదకరం. శ్రీలంకలో చిలగడదుంపగా పొరబడి తిని మరణించినవారున్నారు. కాల్చిసిన్‌కు అందుబాటులో ఉన్న విరుగుడు లేదు. మేకలు తిరిగే చోట కంచె తప్పనిసరి. తీగ ఎండిన పిదప తీసిన దుంపలను పొడి ఇసుకలో, వంటగదికి దూరంగా, తాళం వేసిన గదిలో గుర్తు చీటీతో నిలువ చేయాలి.