ఒనేసిము

ఒనేసిము క్రీస్తు శకం 1వ శతాబ్దానికి చెందిన ఒక బానిస, తొలితరం క్రైస్తవుడు. బైబిలు కొత్త నిబంధనలోని "ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక" ఇతని కోసం వ్రాయబడినదే. అపొస్తలుడైన పౌలు తాను చెరసాలలో ఉండగా, ఒనేసిమును అతని యజమాని వద్దకు తిరిగి పంపుతూ ఈ సిఫారసు లేఖ వ్రాశాడు. 25 వచనాలు మాత్రమే గల ఈ లేఖ పౌలు పత్రికలన్నింటిలోనూ చిన్నది. అయినప్పటికీ, తరువాతి కాలంలో బానిసత్వాన్ని సమర్థించినవారు, వ్యతిరేకించినవారు కూడా దీనినే ప్రమాణంగా చూపారు.

పేరు

గ్రీకు భాషలో "ఒనేసిమోస్" అనగా "ఉపయోగపడేవాడు" అని అర్థం. రోమను సామ్రాజ్యంలో బానిసలకు ఇటువంటి పేర్లు పెట్టడం సాధారణం. పౌలు ఈ పేరుపై చమత్కరించాడు. ఒకప్పుడు నిష్ప్రయోజకుడైన ఇతడు ఇప్పుడు ఇద్దరికీ ప్రయోజకుడయ్యాడన్నది 11వ వచనం భావం. ఇక్కడ వాడిన "అఖ్రేస్తోస్", "యూఖ్రేస్తోస్" అనే గ్రీకు పదాలు "ఖ్రిస్తోస్" (క్రీస్తు) అనే పదానికి ఉచ్చారణలో దగ్గరగా ఉంటాయి.

వృత్తాంతం

ఫిలేమోను ఒక సంపన్న క్రైస్తవుడు. అతని ఇంటిలోనే స్థానిక సంఘం సమావేశమయ్యేది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయంలో ఒనేసిము ఆ ఊరివాడేనని చెప్పబడింది. అందువలన ఫిలేమోను నివాసం కొలొస్సయి అని భావిస్తారు. ఈ పట్టణ శిథిలాలు నేటి టర్కీ దేశపు డెనిజ్లీ రాష్ట్రంలో ఉన్నాయి.

ఒనేసిము యజమానిని విడిచి వచ్చి, చెరసాలలో ఉన్న పౌలును కలుసుకొని క్రైస్తవుడయ్యాడు. పౌలు అతనిని తన కుమారుడని పేర్కొన్నాడు. అతని వలన ఏదైనా నష్టం జరిగి ఉంటే దానిని తానే తీరుస్తానని స్వహస్తంతో వ్రాశాడు. ఆ చెరసాల రోములోనిదని సంప్రదాయం. ఎఫెసు లేదా కైసరయ కావచ్చునని కొందరు పండితుల అభిప్రాయం.

ఒనేసిము పారిపోయాడని గాని, దొంగిలించాడని గాని లేఖలో స్పష్టంగా లేదు. 4వ శతాబ్దపు వ్యాఖ్యాత జాన్ క్రిసోస్టమ్ మొదలైనవారు అలాగే అర్థం చేసుకొనగా, ఆ అభిప్రాయమే స్థిరపడింది. అయితే, యజమాని కోపం నుండి తప్పించుకోవడానికి అతని మిత్రుని ఆశ్రయించిన బానిసను పారిపోయినవాడుగా పరిగణించరాదని రోమను న్యాయవేత్త ప్రోక్యులస్ చెప్పాడు. ఒనేసిము కూడా పౌలు మధ్యవర్తిత్వాన్ని కోరి వచ్చి ఉండవచ్చునని కొందరు ఆధునిక పండితులు దీని ఆధారంగా వాదించారు. ఈ భేదం చిన్నది కాదు. పారిపోయి పట్టుబడిన బానిసకు కొరడా దెబ్బలు, ముఖంపై వాతలు, మెడకు ఇనుప పట్టీ వంటి శిక్షలు ఉండేవి.

పౌలు కోరినది ఏమిటి?

ఒనేసిమును ఇక బానిసగా కాక, అంతకంటే ఎక్కువగా, ప్రియమైన సోదరునిగా చేర్చుకోవాలని 16వ వచనంలో పౌలు కోరాడు. తాను చెప్పిన దానికంటే ఎక్కువే ఫిలేమోను చేస్తాడని 21వ వచనంలో నమ్మకం ప్రకటించాడు. ఆ "ఎక్కువ" ఏమిటో చెప్పలేదు. "విడుదల చేయుము" అనే మాట లేఖలో ఎక్కడా లేదు.

దాదాపు ఆ కాలానికే చెందిన రోమను రచయిత ప్లినీ లేఖ ఒకటి దీనితో పోల్చదగినది. తన మిత్రుడైన సబీనియానస్ ఆగ్రహానికి గురైన ఒక విముక్త బానిసను మన్నించమని ప్లినీ కోరాడు. ప్లినీ అడిగినది దయ. పౌలు అడిగినది సోదరత్వం.

దాసుడు అనే పదం

గ్రీకు మూలంలోని "దూలోస్" అనే పదానికి తెలుగు బైబిలులో "దాసుడు" అని వాడారు. తెలుగులో ఈ పదానికి భక్తిపరమైన గౌరవం కూడా ఉంది. రామదాసు వంటి పేర్లే ఇందుకు నిదర్శనం. కాని ఒనేసిము విషయంలో దీని అర్థం, కొనడానికీ అమ్మడానికీ వీలున్న మనిషి అని గ్రహించాలి. రోమీయులకు, ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రికల ఆరంభంలో పౌలు తనను క్రీస్తు దాసునిగా చెప్పుకున్నాడు. ఈ లేఖ ఆరంభంలో మాత్రం ఖైదీనని చెప్పుకున్నాడు.

బానిసత్వంపై వివాదం

19వ శతాబ్దంలో అమెరికాలోని బానిస యజమానులు ఈ పత్రికను తమకు అనుకూలంగా ఉదహరించారు. పారిపోయిన బానిసను అపొస్తలుడే తిరిగి పంపాడు గనుక, పారిపోయినవారిని తిరిగి అప్పగించాలనే 1850 నాటి చట్టం న్యాయమైనదేనని వారు వాదించారు. బానిసత్వ వ్యతిరేకులు 16వ వచనాన్ని చూపి, సోదరుని బానిసగా ఉంచుకోవడం అసాధ్యమని బదులు చెప్పారు. యజమాని వద్దనుండి తప్పించుకొని వచ్చిన బానిసను తిరిగి అప్పగించరాదన్న ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయపు ఆజ్ఞను కూడా వారు గుర్తు చేశారు.

1833లో జార్జియా రాష్ట్రంలో చార్లెస్ కోల్‌కాక్ జోన్స్ అనే బోధకుడు, తానూ బానిసల యజమానియే, ఈ పత్రిక ఆధారంగా పారిపోవడం తప్పని బానిసలకు బోధించాడు. శ్రోతలలో సగం మంది లేచి వెళ్ళిపోయారని, అటువంటి పత్రిక బైబిలులోనే లేదని కొందరు అన్నారని అతడే తరువాత నమోదు చేశాడు. వారిలో చాలామందికి చదువు నిషేధింపబడినందున, ఆ పత్రికను తెరిచి 16వ వచనాన్ని స్వయంగా చూసుకునే అవకాశం వారికి లేదు.

తరువాతి జీవితం

ఫిలేమోను ఏమి చేశాడో బైబిలులో లేదు. 2వ శతాబ్దపు తొలినాళ్ళలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ ఎఫెసు సంఘానికి వ్రాసిన లేఖలో, ఒనేసిము అనే పేరుగల అక్కడి బిషప్పును ప్రశంసించాడు. అతడే ఈ ఒనేసిము అయితే, ఈ వ్యక్తిగత లేఖ భద్రపరచబడడానికి అతడే కారకుడై ఉండవచ్చునని అమెరికన్ పండితుడు జాన్ నాక్స్ 1935లో ప్రతిపాదించాడు. ఈ పేరు అప్పట్లో సాధారణమైనది కావడం వలన ఇది నిర్ధారణ కాలేదు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలు ఫిబ్రవరి 15న ఒనేసిమును అపొస్తలునిగా, హతసాక్షిగా స్మరిస్తాయి.

ఈ పత్రికలో పౌలు మాట్లాడతాడు, ఫిలేమోను వింటాడు. ఒనేసిము పలికిన మాట ఒక్కటి కూడా లేదు. తన భవిష్యత్తును నిర్ణయించే లేఖ వెంట అతడు తిరిగి యజమాని ఇంటికి వెళ్ళాడు.